పరిచినోడే చుట్టేసే చాప మనకొద్దు

ప్రతి ఏడూ కార్తీక అమావాస్య వస్తే కారంపూడిలో పల్నాటి వీరుల తిరునాళ్ల. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు - అయిదు రోజులు. మందపోరు నాడు చాపకూడు. ఒకే చాప మీద అన్ని కులాలవాళ్లూ కూర్చుని తింటారు. మైకులో బ్రహ్మనాయుడి పేరు మోగుద్ది. పన్నెండో శతాబ్దంలోనే అంటరానితనాన్ని తరిమేసిన గడ్డ మనదని నాయకులు ఉపన్యాసాలిస్తారు. మాల కన్నమదాసును కన్నకొడుకులా పెంచి కత్తి చేతికిచ్చాడనీ, మాచర్ల చెన్నకేశవుని గుడి తలుపులు తెరిచాడనీ చెబుతారు. ఫొటోలు దిగుతారు. మర్నాడు పత్రికల్లో వేస్తారు.

ఆ చాపను మేం తక్కువ చెయ్యం. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఒక రాజ్యంలో మంత్రిగా ఉన్నవాడు మాల మాదిగల పక్కన కూర్చుని తిన్నాడంటే అది చిన్న సంగతి కాదు. కానీ అక్కల్లారా, అన్నల్లారా, ఎప్పుడూ ఎవరూ అడగని ప్రశ్నలు మూడు ఉన్నాయి. ఆ చాప ఎవరిది? ఆ కూడు వండిన చెయ్యి ఎవరిది? వడ్డించిన గరిటె ఎవరి చేతిలో ఉంది? మన పూర్వీకులు ఆ చాప మీద కూర్చున్నారని కథ చెబుతుంది గానీ గరిటె పట్టుకున్నారని చెప్పదు. చాప దొరది. దొర పరిచాడు, మనం కూర్చున్నాం. యుద్ధం వచ్చింది, నాగులేటి ఒడ్డున దొరలిద్దరి పంతానికి మనోళ్లూ చచ్చారు. చాప చుట్టేశారు. ఆ తర్వాత ఎనిమిది వందల ఏళ్లు మన తాతలు, ముత్తాతలు ఎక్కడ కూర్చుని తిన్నారో మనకు తెలుసు. గొడ్లచావిడి పక్కన. దొడ్డి గుమ్మం బయట. దోసిట్లో పోసిన గంజి. కోతలైన చేలో పరిగె ఏరుకుని తెచ్చుకున్న జొన్నకంకులు.

(ఇంకో తమాషా. పల్నాటి వీరచరిత్ర రాసిన శ్రీనాథుడే పల్నాడులో జొన్నకూడు తప్ప సన్నన్నం దొరకదని ఎగతాళి చాటువులు చెప్పాడంటారు. చాపకూడును పొగిడిన నోరే మన జొన్నకూడును వెక్కిరించింది. ఇప్పుడా జొన్నల్నే పట్నాల్లో పెద్దోళ్లు షుగరుకు మంచిదని సూపర్ బజార్లలో సన్నబియ్యం కన్నా ఎక్కువ ధర పెట్టి కొనుక్కుంటున్నారు. ఆ సంగతి మళ్లెప్పుడైనా.)

ఈ పాత కథ ఇప్పుడెందుకంటే, చాప పరవటం, చాప చుట్టటం ఈనాడూ జరుగుతూనే ఉంది. పేరు మారింది, అంతే.

నరసరావుపేట అడ్డా మీదికి తెల్లారకముందే పోయి చూడండి. తట్టలు, తాపీలు, పారలు పట్టుకుని నిలబడినవాళ్లలో ఎక్కువమంది మన పేటలవాళ్లే. ఒకప్పుడు వీళ్లంతా పల్లెల్లో ఉన్నోళ్లు. పత్తి దెబ్బతిని, కౌలు పెరిగి, వాన రాక, పట్నం చేరారు. మిరపకోతల కాలంలో ఇదే పట్నం నుంచి ఆడోళ్లు ఆటోల్లో కుక్కుకుని మళ్లీ పల్లెలకే పోతారు. నాలుగింటికి లేచినామె పొయ్యి వెలిగించేదెప్పుడు? పిల్లకు పెట్టేదెప్పుడు? మాలో బడిపంతుళ్లం ఉన్నాం. పొద్దున ప్రార్థనలో ఏ పిల్ల కళ్లు తిరిగి కూలబడుతుందో మాకు ముందే తెలుసు. జ్వరం కాదు, దయ్యం కాదు. రాత్రి తిన్న ముద్ద తర్వాత మధ్యాహ్నం బెల్లు దాకా ఆ కడుపులో ఏమీ పడదు. అంతే జబ్బు.

వీళ్ల కోసం ప్రభుత్వాలు ఏమీ చెయ్యలేదని మేం అనం. చేశాయి. 2018 జులైలో అన్న క్యాంటీన్లు పెట్టారు. అయిదు రూపాయలకు టిఫిను, అయిదు రూపాయలకు అన్నం. రిక్షా కార్మికుడు, ఆసుపత్రికొచ్చిన ముసలమ్మ, పరీక్షకొచ్చిన కుర్రాడు కడుపునిండా తిన్నారు. 2019లో ప్రభుత్వం మారింది, తాళాలు పడ్డాయి. అయిదేళ్లు ఆ షెడ్లు దుమ్ముకొట్టుకుపోయాయి. 2024లో మళ్లీ ప్రభుత్వం మారింది, ఆగస్టు 15న గుడివాడలో మళ్లీ రిబ్బను కత్తిరించారు. మరి ఆ అయిదేళ్లూ అడ్డామీది కూలోడికి ఆకలెయ్యలేదా? ఓటు ఎటు పడితే అటు ఆకలి తీరాలా?

రేషను సంగతి చూడండి. 2021లో ఇంటి దగ్గరికే బియ్యమని 9,260 బండ్లు తెచ్చారు. 2025 జూన్ ఒకటి నుంచి ఆ బండ్లు ఆపేసి మళ్లీ షాపులకే పొమ్మన్నారు. బండి మంచిదా, షాపు మంచిదా అని ఊరంతా రెండు పార్టీలై కొట్టుకుంది. వీధి చివర బండి ఆగిపోతే నడవలేని ముసలామెకు ఏం ఒరిగిందనీ, షాపు ఎప్పుడు తెరుస్తాడో తెలియక కూలి పోగొట్టుకున్నామెకు ఏం ఒరిగిందనీ పేటలో ఆడోళ్లను కూర్చోబెట్టి అడిగినవాడు ఒక్కడు లేడు. పరిచేదీ వాళ్లే, చుట్టేదీ వాళ్లే. మనం ఎప్పుడూ కూర్చునేవాళ్లమే.

అయిదు రూపాయల అన్నం తినే మనిషి మీద మాకు ఏ కోపమూ లేదు. ఆ క్యాంటీన్లు ఉండాలి, ఇంకా పెరగాలి. మా పేచీ అది కాదు. ఆ వంట ఎవరికి అప్పజెప్పారు? 2018లో అక్షయపాత్రకు, 2024లో హరేకృష్ణ సంస్థకు. పెద్ద వంటశాలలో వండటం, వ్యాన్లలో పంపటం. ఉల్లి, వెల్లుల్లి ముట్టని సంప్రదాయం వాళ్లది. వాళ్ల ఇంట్లో వాళ్లు ఏం తింటారో వాళ్లిష్టం. కానీ ప్రజల సొమ్ముతో పేదోడికి పెట్టే కూట్లో ఏముండాలో, ఏముండకూడదో వాళ్ల మడి ఎందుకు తేల్చాలి? ఎండలో సిమెంటు మోసిన మనిషికి గుడ్డు ఎందుకుండదు? ఎండుచేప ఎందుకుండదు? మన అమ్మలు ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని సద్దికూడు తిని పల్నాడు రాళ్లు కొట్టారు. ఆ ఉల్లిపాయ ఏ పాపం చేసింది?

అసలు మాట ఇది. పట్నంలో వేలమందికి అన్నం వండే పని వస్తే, తరతరాలుగా కల్లాల్లో, పొలాల్లో, పెళ్లిళ్లలో గుండిగలకొద్దీ వండిన మన ఆడోళ్ల సంఘాలు ఎందుకు గుర్తుకు రాలేదు? డ్వాక్రా గ్రూపులు లేవా? పట్నాల్లో మెప్మా సంఘాలు లేవా? ఉన్నాయి. అప్పు వాయిదాలు కట్టటానికీ, మంత్రిగారి సభకు చప్పట్లు కొట్టటానికీ ఉన్నాయి. గరిటె పట్టుకోవటానికి మాత్రం పనికిరావు!

గరిటె చిన్న వస్తువని అనుకోకండి. కులం మొత్తం గరిటె మీదే నిలబడి ఉంది. మన దేశంలో ఎవడు ఎవడి పొలం దున్నాలో రాసినట్టే ఎవడు ఎవడి చేతి కూడు తినొచ్చో కూడా రాసిపెట్టారు. మనం పండించిన ధాన్యానికి మైల లేదు. దంచిన బియ్యానికి మైల లేదు. అదే బియ్యం మన పొయ్యి మీద ఉడికితే మైల! ఇంతకన్నా సిగ్గుమాలిన శాస్త్రం ఏముంది?

ఈ సంగతి సుప్రీంకోర్టుకు అర్థమైంది. తిండి హక్కు కేసులో 2001 నవంబరు 28న బడుల్లో వండిన అన్నమే పెట్టాలని ఆదేశించింది. 2004 ఏప్రిల్‌లో ఇంకో మాట చేర్చింది: వంటవాళ్లను పెట్టుకునేటప్పుడు దళితులకు, ఎస్టీలకు ముందుపీట వెయ్యాలి. మన రాష్ట్రంలో 2003 జనవరిలో వంట మొదలైనప్పుడు చాలాచోట్ల దాన్ని ఆడోళ్ల గ్రూపులకే ఇచ్చారు. సుఖదేవ్ థోరట్, జోయెల్ లీ అనే పరిశోధకులు అయిదు రాష్ట్రాల్లో 531 ఊళ్ల లెక్కలు చూసి 2005లో అచ్చేశారు. రాజస్థాన్‌లో దళిత వంటామె దొరకటమే గగనం. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం వంటవాళ్లలో దళితులు ఎక్కువగా కనపడ్డారు, దళితవాడల్లోనే అన్నం పెట్టే బళ్లూ ఎక్కువే. కారణం దయ కాదు. గ్రూపుల్లో మన ఆడోళ్లున్నారు, పని గ్రూపుల చేతికి వచ్చింది. అంతే లెక్క.

తేలిగ్గా జరిగిందా? లేదు. పేరు రాయం గానీ, మాకు తెలిసిన ఒక ఊరి బడిలో మాదిగామె వండుతుందని కొందరు పిల్లలకు ఇంటి నుంచి క్యారేజీలు కట్టి పంపారు. పిల్లలు ఒక్క పక్షం రోజులు చెట్టు కింద విడిగా తిన్నారు. ఆ తర్వాత ఆమె వండే పప్పుచారు వాసనకు ఆగలేక ఒకడు పళ్లెం తెచ్చుకున్నాడు. వాడి వెనకాల ఇద్దరు. పెద్దోళ్ల కులం పిల్లల ఆకలి ముందు నిలబడలేదు. ఇరుగు రాష్ట్రంలోనూ ఇదే. తమిళనాడులో 2022 నుంచి బడుల్లో పొద్దుటి టిఫిను పెడుతున్నారు, వండేది మహిళా సంఘాలు. 2023లో కరూరు జిల్లాలో ఒక బడిలో దళిత మహిళ వండిందని కొందరు తల్లిదండ్రులు పిల్లల్ని తిననివ్వలేదు. కలెక్టరు స్వయంగా వచ్చి ఆమె వండింది కూర్చుని తిన్నాడు. ఎక్కడో పెద్ద వంటశాల నుంచి స్టీలు డబ్బాల్లో వచ్చే అన్నానికి ఈ గొడవ ఉండదు, నిజమే. కానీ గొడవ లేకపోవటమంటే కులం పోవటం కాదు. గొడవ పడాల్సిన చోట నుంచి మన ఆడమనిషిని తప్పించటం.

ఆ వంటామెకిచ్చే జీతం కూడా చెప్పుకోవాలి. ఏళ్ల తరబడి నెలకు వెయ్యి రూపాయలు. 2019లో మూడు వేలు చేశారు. మూడు వేలంటే రోజుకు వంద. సరుకుల బిల్లులు నెలల తరబడి రాకపోతే ఆమె కిరాణా కొట్లో అప్పు చేసి మన పిల్లలకు వండిపెట్టింది. పట్నం హోటల్లో గ్లాసులు కడిగేవాడికి ఇంతకన్నా ఎక్కువ ముడుతుంది.

సరే, తిట్టటం అయింది. మరి మనోళ్లు ఎక్కడైనా తమ చాప తామే పరుచుకున్నారా?

పరుచుకున్నారు. దూరం పోనక్కర్లేదు. జహీరాబాదు దగ్గర పస్తాపూరు. అప్పటి మెదక్ జిల్లా, ఇప్పటి సంగారెడ్డి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని ఆడోళ్లలో అత్యధికులు మన వాళ్లే, చదువు రాని దళిత కూలి ఆడోళ్లు. 1990ల మధ్యలో వాళ్లొక సంగతి గమనించారు. రేషను షాపులో ఎక్కడో పండిన బియ్యం వస్తున్నాయి, తమ ఊళ్లో చెలకలేమో బీడు పడి ఉన్నాయి. ముప్ఫై పైచిలుకు ఊళ్లలో రెండున్నర వేల ఎకరాలకు పైగా బీళ్లను సాగులోకి తెచ్చారు. దున్నటానికి, విత్తనానికి సంఘం అప్పిచ్చింది. ఆ అప్పు డబ్బుగా కాదు, జొన్నలుగా కొన్నేళ్లపాటు తీర్చాలి. అలా వచ్చిన జొన్నలు ఊళ్లోనే నిల్వ. తర్వాత ఊరి నేల మీద ముగ్గులేసి, ఏ ఇల్లు ఎంత పేదదో తామే గుర్తులు పెట్టారు. ఏ తాసీల్దారూ రాలేదు, ఏ కంప్యూటరూ తీసెయ్యలేదు. ఎవరింట్లో పొయ్యి ఎన్నిపూటలు వెలుగుతుందో పక్కింటామెకు తెలియనిదెవరికి తెలుస్తుంది? ఎక్కువ పేదలకు ఎక్కువ గింజ, తక్కువ ధరకు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్లు ఆ సంఘాలకు ఈక్వేటర్ ప్రైజు ఇచ్చారు. మాకు ఆ ప్రైజు కన్నా 2020 సంగతి ముఖ్యం. లాక్‌డౌన్‌లో పట్నాలు మూతపడ్డప్పుడు ఈ పల్లె ఆడోళ్లే చిరుధాన్యాల అంబలి కాచి జహీరాబాదు పట్నంలో చెత్త ఎత్తే కార్మికులకు, కాపలా కాసే పోలీసులకు పోశారు. పట్నం పల్లెకు పెట్టలేదు. వెలివాడ పట్నానికి పెట్టింది!

ఇంకొకటి మన కళ్లముందే జరిగి మరుగున పడింది. 2000ల తొలి ఏళ్లలో వెలుగు పథకం కింద గ్రామ సమాఖ్యలు బియ్యం అప్పు పద్ధతి నడిపాయి. ఏ ఇంటికి నెలకు ఎన్ని కిలోలు కావాలో సభ్యులు సంఘంలో చెబుతారు. అన్నీ కూడి సమాఖ్య మిల్లు దగ్గరో రైతు దగ్గరో బస్తాల లెక్కన కొంటుంది. ఇంటికి అప్పుగా ఇస్తుంది, వాయిదాల మీద తీరుస్తారు. ఇందులో ఏం గొప్ప అంటారా? రోజుకు కిలో చొప్పున కొట్లో కొనే పేదోడు బస్తా కొనే ధనికుడి కన్నా ఎక్కువ ధర కడతాడు. తూకంలో దెబ్బ, అప్పు పద్దులో ఇంకో దెబ్బ. పేదరికానికి వేసే పన్ను అది. పదిమంది చేరితే ఆ పన్ను పోతుంది.

పట్నంలో చెయ్యగలమా అని అడిగేవాళ్లకు పెరూ దేశంలో లిమా నగరం చూపిస్తాం. 1970ల చివర అక్కడి కొండ పల్లెల నుంచి వలసొచ్చిన పేద ఆడోళ్లు పట్నం అంచున ఇసుకదిబ్బల మీద గుడిసెలేసుకున్నారు. ధరలు మండిపోయాయి. ఒక్కో పేటలో పాతిక ముప్ఫై కుటుంబాలు కలిసి ఒకే పొయ్యి పెట్టుకున్నాయి. వంట వంతులవారీ. పళ్లేనికి ఇంత అని కడతారు, జబ్బుపడ్డోళ్లకూ మరీ లేనోళ్లకూ ఊరికే. సరుకులు కలిపి కొంటారు. అలాంటి పొయ్యిలు వేలకు పెరిగాయి. ప్రభుత్వం వాళ్లకు మేలు చెయ్యలేదు, వాళ్లే వీధుల్లో కొట్లాడి 1991లో తమ పొయ్యిలకు సాయం చెయ్యాలని చట్టం చేయించుకున్నారు. పిల్లలకు గ్లాసు పాల పథకమూ ఆడోళ్ల కమిటీలే నడిపాయి. ఆ ఆడోళ్ల నాయకురాలు మరియా ఎలెనా మోయానోను 1992 ఫిబ్రవరిలో చంపేశారు. చంపింది భూస్వాములు కాదు, విప్లవం పేరు చెప్పుకున్న సాయుధులు. పేదోళ్లు తమ పొయ్యి తామే వెలిగించుకుంటే ఎవరి పెత్తనం కిందా ఉండరు. అది కుడివాళ్లకూ నచ్చదు, కొందరు ఎడమవాళ్లకూ నచ్చదు.

అమెరికాలో నల్లజాతి బ్లాక్ పాంథర్లు కూడా 1969 జనవరిలో ఓక్లండ్‌లో ఒక చర్చిలో పిల్లలకు పొద్దుటి టిఫినుతోనే మొదలుపెట్టారు. తుపాకుల కన్నా ఆ టిఫిను పళ్లెం చూసే అక్కడి పోలీసు పెద్దలు ఎక్కువ జడిశారు. 1975లో అమెరికా ప్రభుత్వమే బడి టిఫినును శాశ్వత పథకం చేసుకుంది. ఆ పాంథర్ల పేరే 1972లో బొంబాయిలో మన దళిత పాంథర్లు పెట్టుకున్నారు. పేరు తెచ్చుకున్నాం, ఉపన్యాసం తెచ్చుకున్నాం, పొయ్యి తెచ్చుకోలేదు. కమిటీ కార్యకర్తల్లారా, ఈ మాట మీకే. విగ్రహం పెట్టటానికి ఇంటింటికీ చందా వసూలు చేసే చెయ్యి మనకుంది. అదే చేత్తో గిద్దెడు బియ్యం ఎందుకు వసూలు చెయ్యం?

లెక్క చూద్దాం. 2023 జనవరి నుంచి ఆహార భద్రతా చట్టం కింద మనిషికి అయిదు కిలోల బియ్యం ఉచితం. ఆ బియ్యం ఏమవుతున్నాయి? లావు బియ్యమని పిల్లలు తినటం లేదు. నూనెకూ కూరగాయలకూ డబ్బు లేదు. దళారీ గుమ్మంలోకే వచ్చి కిలో పదికో పన్నెండుకో పట్టుకుపోతున్నాడు. 2024 నవంబరులో కాకినాడ రేవులో ఒక ఓడలో రేషను బియ్యం పట్టుకున్నామని రాష్ట్రమంతా గోలయింది. ఆ ఓడ పశ్చిమ ఆఫ్రికాకు పోయేది. మన పేట గుమ్మంలో పదికి పోయిన గింజ సముద్రం దాటుతుంటే, మన పిల్ల బడి ప్రార్థనలో కూలబడుతోంది.

ఒక పేటలో ముప్ఫై ఇళ్లు. ఇంటికి వారానికి ఒక్క కిలో. ముప్ఫై కిలోలు. రోజుకు నాలుగు కిలోల పైన. కిలో బియ్యం ఎనిమిది మంది పిల్లలకు వస్తాయి. అంటే రోజూ పొద్దున ముప్ఫై మందికి పైగా పిల్లలకు పళ్లెం. లావు బియ్యం అన్నానికి బాగుండవు గానీ ఇడ్లీ రవ్వకు, దోసెపిండికి బ్రహ్మాండంగా పనికొస్తాయని ప్రతి అమ్మకూ తెలుసు. పప్పుకు, నూనెకు, గుడ్డుకు ఇంటికి కాస్త చందా. అది మనం వెయ్యాల్సిన మొదటి పొయ్యి. బియ్యం అమ్మటం కాదు, మన బియ్యం మనమే కలిపి వండుకోవటం. కూలికిపోయే తల్లి నాలుగింటికి లేచినా పిల్ల పస్తు ఉండదు.

ఇది ప్రభుత్వాన్ని వదిలెయ్యటానికి కాదు. అలా అనుకున్నవాళ్లు మమ్మల్ని తప్పు చదివినట్టే. పొయ్యి మనది, పైకం ప్రభుత్వానిది. పన్ను కట్టేది మనమే గదా. నరసరావుపేట, మాచర్ల, పిడుగురాళ్ల - ఏ పట్నంలో ప్రభుత్వ సొమ్ముతో అన్నం వండినా ఆ వంట అక్కడి పేటల ఆడోళ్ల సంఘాలకు ఇవ్వాలి. మున్సిపాలిటీ తీర్మానం చెయ్యాలి. వంటకు మర్యాదైన కూలి కట్టాలి. పళ్లెంలో గుడ్డు ఉండాలి. ప్రభుత్వం మారితే తాళం పడకుండా చట్టం చెయ్యాలి. సంస్థలు వండకూడదని మేం అనటం లేదు, మొదటి హక్కు ఎవరిదో అడుగుతున్నాం.

కార్డుల సంగతి ఇంకా ఉంది. ఆహార భద్రతా చట్టం పల్లెల్లో నూటికి 75 మందికి, పట్నాల్లో 50 మందికే అని దేశం మొత్తానికి గీత గీసింది. అదీ 2011 జనాభా లెక్క మీద. ఆ తర్వాత పదేళ్లకు జరగాల్సిన లెక్క జరగనేలేదు. ఈ మధ్యలో పల్లె వదిలి పట్నం చేరిన మన మనిషి ఏ లెక్కలో ఉన్నాడు? కార్డు పల్లెలో ఉంది, కడుపు పట్నంలో ఉంది. ఏ ఊరి కార్డుకైనా ఏ ఊళ్లోనైనా బియ్యం ఇవ్వాలనే పద్ధతి మన రాష్ట్రానికీ తెలంగాణకూ మధ్య 2019 ఆగస్టులోనే మొదలైంది. అడ్డా మీద ఎంతమందికి తెలుసు? మిరపకోతకు పోయినోళ్లు, హైదరాబాదు తాపీపనికి పోయినోళ్లు అక్కడి షాపులోనే తమ కార్డు మీద బియ్యం అడగొచ్చు. లేదు పొమ్మంటే రాతపూర్వకంగా ఇమ్మనాలి.

వచ్చే పక్షానికి ప్రతి పేట నుంచీ మాకు మూడు సంగతులు కావాలి. కార్డు లేని ఇళ్లెన్ని, కార్డు వేరే ఊళ్లో ఉండిపోయిన ఇళ్లెన్ని, పొద్దున తినకుండా బడికి పోయే పిల్లలెందరు. పెద్ద ఫారాలు అక్కర్లేదు. ఒక నోటుపుస్తకం చాలు. పేటలో పదో తరగతి చదివిన ఆడపిల్ల ఎవరున్నా రాస్తుంది. ఇంటింటికీ తిరిగేటప్పుడు ఆమె పక్కన వాళ్లమ్మనూ నడవమనండి. ఏ ఇంట్లో అబద్ధం చెబుతున్నారో, ఏ ఇంట్లో సిగ్గుపడి తిన్నామంటున్నారో ఆమెకు తెలుసు.